జిగురుకి చెవులుంటాయి

ఏమోయ్, నిన్నే! వెనక్కి తిరిగి చూడకు, అక్కడెవరూ లేరు. గోడకి ఒక్క మేకు కొట్టి, దానికి క్యాలెండరు తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆ ఇల్లంతా నువ్వే కట్టినట్టు చూసుకుంటావే, నిన్నే. ఆ మేకు మూడోనాటికి ఊగిందా లేదా? ఊగితే దాని పక్కనే ఇంకోటి కొట్టి, పాత చిల్లులో టూత్‌పేస్టు కూరావా లేదా? సర్లే, మీ ఆవిడకి ఎవరూ చెప్పరు. ఇలా దగ్గరకొచ్చి కూర్చో. నీకంటే ఘనుడు ఒకాయన ఉన్నాడు. ఆయన సంగతీ, ఆయన బావమరిది సంగతీ వింటే నీ మీద నీకే గౌరవం పెరుగుతుంది.

బావమరిది లిఫ్టుల మెకానిక్కు. అందరూ మీసాలోడంటారు. ఎందుకంటే, మనిషి గదిలోకి రావడానికి ఓ క్షణం ముందే ఆ మీసం వచ్చేస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా పెంచుతున్నాడు. నూనె రాయడం, దువ్వడం, కొసలు పైకి తిప్పడం, అదొక పెద్ద సేవ. అద్దాలున్న లిఫ్టు బాగుచెయ్యడానికి వీడికి గంట ఎక్కువ పడుతుందని కంపెనీలో ఒక ఫిర్యాదు కూడా ఉంది. మీసం తరవాత వీడికి అంత ఇష్టమైన పని ఇంకొక్కటే, ఎదుటివాళ్ళ చెవిలో పువ్వులు పెట్టడం. ఒకసారి కొత్తగా చేరిన వాచ్‌మన్‌తో, లిఫ్టు కూడా అలిసిపోతుందనీ, మధ్యాహ్నం పూట ఓ గంట తలుపులు మూసి దాన్ని పడుకోనివ్వాలనీ చెప్పాడు. పాపం ఆయన రెండు వారాలు పడుకోనిచ్చాడు. ఆరో అంతస్తు వాళ్ళు మెట్లెక్కుతూ రొప్పుతుంటే, "మెల్లిగా నడవండి, లేస్తుంది" అని కసిరాడట కూడా.

ఆ ఆదివారం పొద్దున్నే మీసాలోడు అక్క ఇంటికి వెళ్ళాడు. పని అమ్మ గురించి. అమ్మకి తుంటి ఆపరేషనై నెలన్నర అయింది, అక్క దగ్గరే ఉంటోంది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది, తిడుతోంది, తింటోంది, అన్నీ బాగున్నాయి. కాని మంచం మీద పడుకున్న మనిషి లేచి కూర్చోవాలంటే మాత్రం ఎవరో ఒకరు వీపు కింద చెయ్యేసి లేపాలి. "సిమెంటు బస్తాని లేపినట్టు లేపుతున్నారర్రా నన్ను" అని ఆవిడకి ఒళ్ళుమంట. వ్యాయామాలు చేయించడానికి వచ్చే అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. మంచానికి సరిగ్గా పైన, స్లాబు నుంచి గొలుసుతో ఓ పిడి వేలాడదీస్తే, దాన్ని రెండు చేతులా పట్టుకుని తనంతట తనే లేవచ్చు. ఒక్కటే షరతు, అది గట్టిగా ఉండాలి.

ఆ గట్టిగా అన్న దగ్గరే వచ్చింది తంటా. ఎందుకంటే ఆ ఇంట్లో గోడలకి ఏది బిగించాలన్నా ఆ హక్కు బావది. బావ నీటిసరఫరా ఆఫీసులో గుమస్తా. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేం చెప్పినా తలూపుతాడు. కాని ఆయన దగ్గరో ఎర్ర డ్రిల్లు మిషను ఉంది. దానికో పెట్టె, పెట్టెలో దాన్ని తుడవడానికో పసుపుపచ్చ గుడ్డ. ఆ మిషను చేతిలోకి వచ్చిందంటే బావ భుజాలు రెండంగుళాలు పెరుగుతాయి. ఆయన బిగించిన పుస్తకాల అర పడింది. అద్దం పడింది. కర్టెను కడ్డీ అయితే, ఒక రోజు అక్క కర్టెను పక్కకి లాగితే అది కూడా మర్యాదగా వెంట వచ్చేసింది. పడిన ప్రతిసారీ బావ చెప్పే కారణం ఒకటే.

"నేను బాగానే బిగించానండీ. మీ అక్క అరుపుకి గోడ అదిరింది."

అది పూర్తిగా అబద్ధమనీ అనలేం. అక్క వంటింట్లోంచి "ఏవండీ!" అని పిలిస్తే వీధి చివర టైర్లకి గాలికొట్టే ఆయన తలెత్తి చూస్తాడు. ఆ గొంతు అమ్మ నుంచి వచ్చింది. అమ్మకి చెవులు బాగానే వినిపిస్తాయి గాని, టీవీలో వాళ్ళకి తన మాట వినపడదేమోనని ఆవిడ అనుమానం. ఇక మీసాలోడు రోజంతా లిఫ్టు గోతిలో కింది అంతస్తు నుంచి పై అంతస్తుకి కేకలేసే మనిషి. ముగ్గురూ ఒక గదిలో కూర్చుని క్షేమసమాచారాలు మాట్లాడుకుంటుంటే బయటివాళ్ళు ఆస్తి తగాదా అనుకుంటారు.

"చిల్లులు నేనే వేస్తాను," అన్నాడు బావ, మిషను పెట్టె ఒళ్ళో పెట్టుకుని.

"మీరు వేసిన అర నా నెత్తిన పడాల్సింది, పక్కన పడింది!" అంది అక్క. "వాడు రోజూ అంతస్తులకి అంతస్తులు బిగిస్తాడు. వాడికివ్వండి."

"మా అత్తగారి మంచం. నా స్లాబు. నా మిషను."

"నా తుంటి!" అంది అమ్మ మంచం మీంచి. "ఎవరో ఒకరు త్వరగా తేల్చండర్రా."

మీసాలోడు మీసం కొస మెలేశాడు. "ఒక పని చేద్దాం బావా. చిల్లులు నువ్వే వెయ్యి. నేను పక్కన నిలబడి చెబుతాను. నేను చెప్పినట్టు చేస్తే, గొలుసు తగిలించే ఇనప పలక స్లాబు మీద వెంట్రుకవాసి కదలదు. ఇవాళ సాయంత్రానికి అది కదిలినట్టు కనిపించిందా, ఇదిగో, ఈ మీసం తీసేస్తా."

ఆ మీసం మీద పందెం అంటే చిన్న విషయం కాదు.

"కదలకపోతే?" అన్నాడు బావ.

"కదలకపోతే ఆ మిషను నాకిచ్చెయ్యాలి. నీ దగ్గరుంటే ఈ కొంపకి క్షేమం కాదు."

బావ పెట్టెని ఇంకాస్త దగ్గరకి లాక్కున్నాడు. అక్క వంక చూశాడు. అక్క కిటికీ వంక చూసింది. చివరికి బావ మాట సగం మింగేస్తూ "సరే" అన్నాడు.

"నేను సాక్షిని," అంది అమ్మ.

మీసాలోడికి మనసులో ఈలలు. వీడు బిగించిన బోల్టు ఇంతవరకూ ఊడలేదు. పైగా వేలాడబోయేది కన్నతల్లి, ఆ పనిలో వేళాకోళానికి చోటే లేదు. కాబట్టి పలక కదలదు, మీసం పోదు, మిషను తనదే.

మంచం పక్కకి లాగారు. అమ్మని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు, అక్కణ్ణించి ఆవిడ పర్యవేక్షణ. బావ స్టూలెక్కి, కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని మిషను నొక్కాడు.

"పొడి ఏ రంగులో వస్తోంది బావా?"

"తెల్లగా. భలే దిగుతోంది, వెన్నలో దిగినట్టు."

"అదే నీ రోగం! అది పైపూత. ఇన్నేళ్ళూ నీ అరలూ అద్దాలూ దానికే తగిలించావు. పూత అంటే గోడకి పౌడరు లాంటిది, దానికి ఏం బలం ఉంటుంది? ఇంకా పోనీ."

మిషను గొంతు మారింది. "ఇప్పుడు బూడిదరంగు," అన్నాడు బావ పళ్ళు బిగించి. "దిగడం లేదు, ఏడిపిస్తోంది."

"అదీ కాంక్రీటు! కొలత ఇక్కణ్ణించి మొదలు. పూతని లెక్కలో వెయ్యకు."

రెండు చిల్లులు అయ్యాయి. మూడోది సగంలో కీచుమంది. "ఆపు ఆపు!" అని మీసాలోడు స్టూలు పట్టుకుని కేకేశాడు. "లోపల ఇనుప చువ్వ తగిలింది. అది స్లాబుకి ఎముక. మీ అత్తగారి ఎముక విరిగింది చాలక ఇంటిది కూడా విరుస్తావా?"

పలకని బెత్తెడు పక్కకి జరిపి, నాలుగు చిల్లులూ మళ్ళీ కొత్తగా వేయించాడు. తరవాత సీసాలు కడిగే బ్రష్షుతో ఒక్కో చిల్లూ తోమించాడు, సైకిలు పంపుతో గాలి కొట్టించాడు, మళ్ళీ తోమించాడు, మళ్ళీ కొట్టించాడు. "దుమ్ముంటే జిగురు దుమ్ముని పట్టుకుంటుంది బావా, కాంక్రీటుని కాదు." ఆ దుమ్మంతా బావ నెత్తిన పడింది. పిండి డబ్బాలో పడి లేచిన ఎలకలా అయ్యాడు మనిషి.

అప్పుడు జిగురు తుపాకీ తీశారు. దాన్ని నొక్కితే రెండు రకాల ముద్దలు కలిసి బయటికొస్తాయి. రంగు ఒకేలా వచ్చేదాకా మొదటి కాస్తా కాగితం మీద పారబోయించి, ఆ తరవాత చిల్లు లోపలి కొస నుంచి నింపించాడు. ఒక్కో మరల కడ్డీని మెల్లిగా తిప్పుతూ లోపలికి దింపారు. పలకని పైకెత్తి కడ్డీలకి ఎక్కించి, నట్లు వేళ్ళతోనే అంటీ అంటనట్టు తిప్పి వదిలారు. గట్టిగా బిగించడం జిగురు గట్టిపడ్డాకే.

లిఫ్టుల పనిలో వీళ్ళకో అలవాటుంది. ఒక దాన్ని ఇంకోదానికి బిగించాక, రెండింటి మీదుగా రంగుతో ఒకే గీత గీస్తారు. ఏది కాస్త జరిగినా గీత రెండు ముక్కలై ఎదురుగా కనిపిస్తుంది. ఇంక ఎవరూ బుకాయించడానికి ఉండదు. మీసాలోడి రంగు పెన్ను వ్యానులో ఉండిపోయింది. అక్క గోళ్ళరంగు సీసా అడిగి తీసుకుని, స్లాబు మీంచి పలక అంచు మీదకి తిన్నగా ఒక ఎర్ర గీత గీశాడు.

"ఇదే మన పందేనికి కొలత. గీత తెగితే కదిలినట్టు. తెగకపోతే మిషను నాది. సరేనా?"

"సరే," అన్నాడు బావ.

అప్పటికి టైము పది. ఆ జిగురు గట్టిపడ్డానికి ముప్పావుగంట చాలు. అది మీసాలోడికి వెన్నతో పెట్టిన విద్య. పదకొండింటికి స్పానరు వేసి, బరువు వేలాడదీసి చూపించి, మిషను చంకన పెట్టుకుని ఇంటికి పోవచ్చు. పోయుంటే బాగుపడేవాడు.

కాని బావ స్టూలు దిగి, "ఇంక ఎంతసేపు ఆగాలి బామ్మర్దీ?" అని అడిగాడు. ఆ కళ్ళజోళ్ళ నిండా దుమ్ము, దుమ్ము వెనకాల రెండు అమాయకపు కళ్ళు. అలాంటి మొహం ఎదురుగా పెట్టుకుని నిజం చెప్పడం మీసాలోడి వల్ల కాదు. నాలుక దురద పుట్టింది.

"ష్..." అన్నాడు వేలు పెదాల మీద పెట్టుకుని. "మెల్లిగా బావా. జిగురు వింటోంది."

"వింటుందా?"

"చెవులుండి కాదనుకో. గట్టిపడేటప్పుడు లోపల దారాల్లాగా అల్లుకుంటుంది. గట్టి చప్పుడైందంటే దారం పుటుక్కుమంటుంది. అందుకే మేం లిఫ్టు గోతిలో ఈ జిగురు వేసిన రోజు సైగలతోనే మాట్లాడుకుంటాం."

బావ నెమ్మదిగా అక్క వైపు తిరిగాడు. "నేను చెప్పలేదూ?" అన్నాడు గుసగుసగా. "ఇన్నేళ్ళ నుంచీ చెప్పలేదూ, నీ అరుపుకే పడుతున్నాయని?"

అక్క నోరు తెరిచింది. బావ గాభరాగా స్లాబు వైపు చూపించాడు. అక్క నోరు మూసింది. ఆ నోరు తెరిచాక మాట లేకుండా మూసుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మీసాలోడు దగ్గు నెపంతో మొహం దాచుకున్నాడు.

"ఎంతసేపు?" అంది అక్క, గాలితో.

"సాయంత్రం ఆరుదాకా. ఎవరూ గొంతెత్తకూడదు. ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే బాధ్యత నాది కాదు."

బావ తలూపి, కింద పడ్డ ఖాళీ గొట్టాలూ డబ్బా కాగితాలూ చప్పుడు కాకుండా ఏరుకుని, మునివేళ్ళ మీద వంటింట్లోకి పోయాడు. వెనకాలే అక్క కూడా పోయింది.

ఇక చూడాలి ఆ ఇంటి వైభవం. అక్క ఎవరితో ఏం చెప్పాలన్నా గది గదికీ నడిచి వెళ్ళి చెవిలో చెప్పి వస్తోంది. "స్నానానికి నీళ్ళు తోడాను" అని చెవిలో చెబితే బావ పెళ్ళైన కొత్తలో లాగా సిగ్గుపడ్డాడు. కుక్కరు ఈల వేస్తుందని దాన్ని పక్కన పెట్టి, మామూలు గిన్నెలో వంట మొదలుపెట్టారు. టీవీ నోరు నొక్కేశారు. అమ్మ మంచం మీద పడుకుని బొమ్మలు చూస్తూ మాటలు తనే కల్పించుకుంటోంది. "ఇదిగో, ఈ కళ్ళద్దాల పిల్ల ఇప్పుడు వాళ్ళ అత్తతో, మీ అబ్బాయి గురకకి నిద్ర పట్టడం లేదంటోంది" అని గుసగుసగా చెప్పి, తనే కిసకిస నవ్వింది. "నోరుంటే ఇంత బాగుండేది కాదు ఈ సీరియలు."

బావకి తుమ్మొచ్చింది. ముక్కు పట్టుకుని గుమ్మం దాటాడు, గేటు దాటాడు, వీధి మలుపు తిరిగాడు. అయిదు నిమిషాలకి తిరిగొచ్చి, తలుపు రెండు చేతులా పట్టుకుని మూశాడు. "అయిపోయింది" అని వేళ్ళతో చూపించాడు.

గేటుకి ఒక అట్ట కూడా కట్టాడు. "బెల్లు కొట్టకండి. జిగురు ఆరుతోంది." కొరియరు ఆయన అది చదివి, రెండోసారి చదివి, గుమ్మం దగ్గరకొచ్చి "సంతకం" అన్నాడు చెవిలో రహస్యం చెప్పినట్టు. తిరిగి వెళ్ళేటప్పుడు బండి స్టార్టు చెయ్యకుండా వీధి చివరిదాకా తోసుకుంటూ పోయాడు.

మధ్యాహ్నం పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. "ఏమైందండీ? పొద్దున్నుంచీ మీ గొంతు వినపడలేదు. మాకు టైము తెలియక అన్నం కూడా తినలేదు."

మీసాలోడు ఆగలేకపోయాడు. మేడ మీదకి పోయి, నీళ్ళ ట్యాంకు వెనకాల కూర్చుని, తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాడు. దిగొచ్చాడు. భోజనాల దగ్గర బావ అప్పడం లాంటిదేదైనా కరకరలాడుతుందేమోనని ఒక్కొక్క ముద్దనీ నాలుకతోనే మెత్తగా చేసుకుని మింగుతుంటే చూసి, మళ్ళీ మేడ మీదకి పోయాడు. మూడింటికి మూడోసారి ఎక్కినప్పుడు తువ్వాలు కూడా ఆపలేకపోయింది. పొట్ట పట్టుకుని, కాళ్ళు దబదబా నేలకి కొట్టుకుంటూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "జిగురుకి చెవులట! నమ్మేశాడర్రా!" అని ఎదురుగా ఎవరూ లేకపోతే కాకులకి చెప్పుకున్నాడు.

మూడున్నరకి కిందికి దిగి, అమ్మ గదిలోకి తొంగిచూశాడు. అమ్మ నిద్రపోతోంది. అలవాటు కొద్దీ పైకి చూశాడు.

ఎర్ర గీత తెగి ఉంది.

స్లాబు మీద ముక్క స్లాబు మీదే ఉంది. పలక మీద ముక్క అగ్గిపుల్ల మందాన పక్కకి జరిగి ఉంది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. తెగే ఉంది. అలా ఎలా? చిల్లులు శుభ్రం చేయించాడు. జిగురు రంగు చూసే నింపించాడు. ఇన్నేళ్ళ పనిలో ఒక్క గీత తెగలేదు. అప్పుడు బుర్రలో ఒక పాడు ఆలోచన పుట్టింది. తను గంతులేసి నవ్వింది ఎక్కడ? మేడ మీద. మేడ అంటే ఏమిటి? ఇదే స్లాబు, దీని నెత్తి. "ఛ, చప్పుడుకి జిగురు తెగడమేమిటి, అది నేను కల్పించిన మాటే కదా" అని తనకి తనే చెప్పుకున్నాడు. చెప్పుకున్నాడు గాని, తెలియకుండానే గుసగుసగా చెప్పుకున్నాడు.

వేలితో పలకని ఒక్కసారి తట్టి చూస్తే తేలిపోతుంది. మునివేళ్ళ మీద స్టూలెక్కి చెయ్యి చాచాడు.

"ష్..." అంది అమ్మ కళ్ళు తెరవకుండానే. "ముట్టుకోకూడదన్నావుగా."

ఆ అలికిడికి అక్క వచ్చింది. అక్క వెనకాల బావ వచ్చాడు. మీసాలోడు గీతకి అడ్డంగా తల పెట్టాడు గాని, అంత మీసం అడ్డుపెట్టినా గీత కనపడనే కనపడింది.

"తెగిందిరా," అంది అక్క.

బావ మొహంలో సంతోషం కనపడలేదు. పైగా బెంగ కనపడింది. "నా తుమ్ము వల్లా? నేను మలుపు తిరిగాకే తుమ్మానే."

"టీవీ నోరు కూడా నొక్కేసే ఉంది," అంది అక్క.

"మూడింటికి నడినెత్తిన ఎవడో దభీదభీమని గెంతాడర్రా," అంది అమ్మ. "నేను దున్నపోతు అనుకున్నా."

ముగ్గురూ మీసాలోడి వంక చూశారు.

ఏం చెప్పాలి? జిగురుకి చెవుల్లేవు, అంతా వేళాకోళం అంటే, మరి గీత ఎందుకు తెగిందని అడుగుతారు. దానికి వీడి దగ్గరా సమాధానం లేదు. "ఒక్కసారి తట్టి చూడనివ్వండి" అన్నాడు. ఆరుదాకా కుదరదన్నాడు బావ, వీడు చెప్పిన మాటే వీడికి అప్పజెప్పి. "కాస్త జరిగితే జరిగింది, బరువు మోస్తే చాలదా" అన్నాడు. పందెం బరువు మీద కాదు, కదలడం మీద అంది అక్క. ఎప్పుడైనా గుసగుసగా దెబ్బలాడి చూశావా? ఎంత పదునైన మాటైనా బతిమాలుకుంటున్నట్టే ఉంటుంది. మీసాలోడి సగం బలం గొంతులో ఉంది. అదేమో తనే తాళం వేసుకున్నాడు.

"చూడు నాయనా," అంది అమ్మ మెత్తగా. "గీత గీసింది నువ్వు. తెగితే కదిలినట్టేనన్నది నువ్వు. కదిలితే మీసం తీస్తానన్నది నువ్వు. నేను సాక్షిని. వెళ్ళు, వెళ్ళు, మీ బావ రేజరు అద్దం పక్కనే ఉంది."

అయిదింటికి మీసాలోడు బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. అద్దంలో మీసానికి చివరిసారి రెండు కొసలూ తిప్పాడు. నిజం చెప్పాలంటే అప్పుడు వాణ్ణి ఎక్కువ బాధపెట్టింది మీసం కాదు. ఆరింటికి ఆ పిడి పట్టుకుని అమ్మ లేవాలి. నెలన్నర నుంచి ఆవిడ ఎదురుచూస్తోంది దానికోసమే. తన పని మీద తనకే నమ్మకం పోయింది. ఆ దిగులులో రేజరు ఎలా ఆడిందో కూడా చూసుకోలేదు.

బయటికొచ్చేసరికి అమ్మ తలెత్తి చూసి, దుప్పటి సర్దుకుంది. "ఎవరండీ మీరు? మా అబ్బాయి కోసం వచ్చారా?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ మర్యాదగా నేల చూపులు చూశాడు.

గోడ గడియారం ఆరు చూపించగానే మీసాలోడు స్పానరు తీసుకుని స్టూలెక్కాడు. మొదటి నట్టు పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. ఒళ్ళంతా బలం పెట్టి లాగాడు. కాళ్ళ కింద స్టూలు కదిలింది గాని నట్టు కదలలేదు, కడ్డీ తిరగలేదు. రెండోదీ అంతే. నాలుగూ అంతే. గొలుసు తగిలించి, పిడి పట్టుకుని, మెల్లిగా కాళ్ళు ఎత్తేశాడు. తొంభై కిలోల మనిషి గాలిలో వేలాడుతున్నాడు, స్లాబు కిమ్మనలేదు. "బావా, నా నడుం పట్టుకుని నువ్వూ వేలాడు!" బావ కూడా వేలాడాడు. ఇద్దరూ గంటలో నాలుకలా అటూ ఇటూ ఊగారు.

"దిగండ్రా, అది నా పిడి!" అంది అమ్మ.

మంచం పిడి కిందికి లాగారు. అమ్మ చేతులు చాచి పిడి పట్టుకుంది. అక్క అలవాటుగా వీపు కింద చెయ్యి పెట్టబోతే, కళ్ళతోనే వద్దంది. ఒక ఊపిరి తీసుకుని లాగింది. భుజాలు లేచాయి, వీపు లేచింది, అమ్మ లేచి కూర్చుంది. ఆవిడ మళ్ళీ పడుకుంది. మళ్ళీ లేచింది. మూడోసారి కూడా లేచి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పొద్దుటి నుంచీ దాచుకున్న గొంతంతా విప్పి కేకేసింది.

"టీ పెట్టవే!"

వీధి చివర గాలికొట్టే ఆయన తలెత్తి చూశాడు.

ఇల్లు మళ్ళీ ఇల్లయింది. కాని మీసాలోడు మాత్రం స్టూలు దిగలేదు. పలక ఇంత రాయిలా ఉంటే గీత ఎలా తెగింది? మొహం దగ్గరగా పెట్టి చూశాడు. ఇప్పుడు మధ్యలో మీసం లేదు కాబట్టి ముక్కు తిన్నగా పలకకి ఆనింది. సన్నగా వాసన తగిలింది, గోళ్ళరంగు తుడిచే మందు వాసన. ఆ పక్కనే, సగం చెరిగిన పాత గీత గులాబీ నీడలాగా ఇంకా ఉంది, స్లాబు మీది గీతకి తిన్నగా ఎదురుగా.

"ఇది కదల్లేదు!" అని గావుకేక పెట్టాడు. "ఎవరో తుడిచి పక్కన మళ్ళీ గీశారు! అక్కా! నీ సీసాయే, నీ రంగే! తమ్ముడి మీసం తీయించడానికి నీకు చేతులెలా వచ్చాయే?"

"నన్నంటావేంట్రా?" అక్క నవ్వలేక మంచం అంచు మీద కూలబడింది. "నేను స్టూలు పట్టుకున్నానంతే."

"మరి ఎక్కిందెవరు?"

అక్క అమ్మ వంక చూసింది. అమ్మ బావ వంక చూసింది. బావ కింద కూర్చుని, పసుపుపచ్చ గుడ్డతో మిషను మెడ చుట్టూ దుమ్ము శ్రద్ధగా తుడుస్తున్నాడు.

"ముప్పావుగంటలో గట్టిపడునని డబ్బాలో కాగితం మీద ఉందయ్యా," అన్నాడు తలెత్తకుండా. "పది దాటాక వంటింట్లో చదివాం. చప్పుడు మాటే లేదు దాంట్లో."

మీసాలోడు స్టూలు మీదే చతికిలబడ్డాడు. "అన్నీ తెలిసి... జిగురుకి చెవులుంటాయంటే ఎందుకు నమ్మావు బావా?"

బావ మిషనుని పెట్టెలో పెట్టి, రెండు గొళ్ళేలూ టకటకా వేశాడు.

"నమ్మకపోతే నువ్వు పదకొండింటికే దీన్ని పట్టుకుపోయేవాడివి కదా బామ్మర్దీ."